చప్పుడు లేని కిటికీతెర

కిటికీతెరలకు మోటారులు వచ్చి కొంతకాలమైనది. హైదరాబాదు, విశాఖపట్టణములందలి ఎత్తైన భవనములలో కాపురము చేయు సోదరీమణులకు ఇవి క్రొత్తవి కావు. తెరగుడ్డను ఒక గొట్టమునకు చుట్టి, ఆ గొట్టములోపలనే చిన్న మోటారు నమర్చి, మీట నొక్కినంతనే పైకిని క్రిందికిని నడచునట్లు చేయుదురు. అంగళ్లలో వీనిని రోలర్ బ్లైండ్లందురు. ఇది కలవారి వేడుకయని కొందరు పెదవి విరతురు. మేమట్లు తలపము. మోకాళ్లనొప్పులతో లేవలేని అత్తగారు, పడమటియెండ ముఖముపై పడుచుండగా, కోడలి రాకకై యెదురుచూడ నక్కరలేకుండుట వేడుక కాదు.

అంతకన్న ముఖ్యమైనది త్రాటి సంగతి. చేతితో లాగు తెరల ప్రక్క వ్రేలాడు త్రాడుగాని పూసల గొలుసుగాని పసివాని మెడకు చుట్టుకొన్నచో నిమిషములలో ప్రాణము పోవును. అయిదేండ్లలోపు పిల్లలు ఏటేట సగటున తొమ్మండుగురు ఇట్లు మరణించుచున్నారని అమెరికాదేశమున వినియోగవస్తువుల భద్రతను చూచు ప్రభుత్వసంఘమువారు ప్రకటించియున్నారు. ఉయ్యాలకును మంచమునకును దగ్గరనున్న కిటికీకైనను త్రాడు లేని తెర యుండుట మేలని మా యభిప్రాయము.

అయినను ఈ తెరలపై నొక ఫిర్యాదు కలదు. తెల్లవారుజామున తెర యెత్తబోగా అది గుర్రుమని మ్రోగి, రాత్రియంతయు ఏడ్చి అప్పుడే నిదురించిన బిడ్డను లేపును. త్రాడుతోబాటు నిద్రయు పోయినదన్నమాట! వెల యెక్కువ పెట్టినంతమాత్రమున ఈ చప్పుడు పోదు. అది యెచ్చట పుట్టునో తెలిసినచో అంగడిలో ఏమి యడుగవలయునో తెలియును.

గొట్టములోని మోటారు నిమిషమునకు కొన్నివేల చుట్లు తిరుగును. తెరకు కావలసినవి ఇరువది ముప్పది చుట్లు మాత్రమే. నడుమనున్న పళ్లచక్రములు ఆ వేగమును తగ్గించి బలమును పెంచును. ఆ పళ్ల రాపిడియే చప్పుడులో పెద్దపాలు. దానిని గోడ మరింత పెద్దది చేయును. వీణ తంతి యొక్కటియే యున్న ఎంత మ్రోగును? కుండ యుండుటచేతనే గదా అది సభకెల్ల వినవచ్చుట! మోటారునకు గోడయే కుండ. బిగింపుల క్రింద రబ్బరుబిళ్లలు వేయుట చిన్నపనియే గాని గుణము కనబడును.

మోటారు మెల్లగా తిరిగిన చప్పుడు తగ్గును. ఆ మెల్లదనమును ఎట్లు తెచ్చుటయన్నదే అసలు విద్య. పూర్వపు పంకాల రెగ్యులేటరు డబ్బాపై చేయి వేసిన వెచ్చగా నుండెడిది. పంకాకు పోవలసిన విద్యుత్తులో కొంత యచ్చట వేడిగా మారి వృథాయగుచుండెడిది. తెరమోటారును అట్లే నడపినచో బలము సన్నగిల్లి, బరువైన గుడ్డను ఎత్తలేక మధ్యలో మూల్గును. ఇప్పటి పద్ధతి వేరు. విద్యుత్తును సెకనుకు వేలమార్లు ఇచ్చుచు ఆపుచు నుందురు. ఉయ్యాలను చేతితో పట్టి నడపక, చిన్నచిన్న త్రోపు లిచ్చి ఊచుటవంటిది. త్రోపునకు త్రోపునకు నడుమ ఉయ్యాల ఆగిపోదు. త్రోపుల నిడివి తగ్గించిన వేగము తగ్గును, వేడియు అంతగా పుట్టదు.

ఇందులో నొక చిక్కు కలదు. ఈ ఇచ్చుట ఆపుట సెకనుకు నాలుగైదువేలమార్లు జరిగినచో మోటారు ఆ లెక్కకే సన్నగా కూయును. మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20 మొదలు 20,000 వరకు కదలికలను వినగలదు. కావున మంచి తయారీదారులు 20,000కు పైగానే ఉంతురు. వయస్సు పెరిగినకొలది హెచ్చుస్థాయి ధ్వనులు చెవికి అందవు. తాతగారికి నిశ్శబ్దముగా తోచినది మనుమనికి కూతగా వినబడవచ్చును. తెర కొనునప్పుడు ఇంటిలోని పిల్లను గూడ తీసికొనిపొండు.

తెరబరువు ఎల్లప్పుడు ఒక్కరీతి నుండదు. పూర్తిగా దిగియున్నప్పుడు గుడ్డయంతయు వ్రేలాడుచుండును; పైకి పోవుకొలది బరువు తగ్గును, చుట్ట లావగును. దిగునప్పుడు బరువే లాగుకొనిపోవును గనుక మోటారు దానిని నిలువరింపవలయును. నూతిలోనికి చేద దింపునప్పుడు మనము త్రాటిని ఒక్కమారుగా విడువము గదా. చేయి కాలకుండ, గిలక కొట్టుకొనకుండ, పట్టుచు విడుచుచు దింపుదుము. మంచి మోటారులలో తిరుగు ఇరుసునకు చిన్న అయస్కాంత ముండును. దానినిబట్టి చుట్లు లెక్కించుకొని విద్యుత్తును హెచ్చించుచు తగ్గించుచు నుండును. మెల్లగా బయలుదేరి మెల్లగా ఆగుటయు, ఒకే గదిలోని మూడు తెరలు సమముగా లేచుటయు ఈ లెక్కవలననే.

ఇక విద్యుత్తు పొదుపును గూర్చి అమ్మకందారులు చెప్పు మాటలు. రెండు కిలోల తెర, రెండు మీటర్ల యెత్తు, మోటారు 15 వాట్లు తీసికొని 30 సెకన్లు నడచుననుకొందము. ఖర్చు 450 జౌళ్లు. అందు బరువెత్తుటకు చెల్లినది 40 జౌళ్లైనను కాదు. తక్కినది రాపిడికిని వేడికిని పోయినది. ఐనను ఒక యూనిటనగా 36 లక్షల జౌళ్లు. దానితో ఈ తెరను 8,000 మార్లు ఎత్తవచ్చును! రిమోటు పిలుపునకై రేయింబవళ్లు కాచుకొనియుండు అడాప్టరు అర వాటు మాత్రమే త్రాగినను ఏటికి నాలుగు యూనిట్లు దాటును. పనికన్న పనికై యెదురుచూచుటకే ఖర్చెక్కువ. కాబట్టి మోటారు పొదుపువలన ఇంటి బిల్లు తగ్గునని నమ్మవలదు. బ్యాటరీతో నడచు తెరలకు మాత్రము అది పనికివచ్చును, మాటిమాటికి ఛార్జింగు పెట్టనక్కరలేదు. బిల్లు తగ్గుట యందురా, వేసవిలో పడమటి కిటికీపై ఎండ పడకముందే తెర దింపినవారికే.

ఇంటి సరఫరాతో, 230 వోల్టులపై, నేరుగా నడచు మోటారులును కలవు. వానిలో పెక్కింటికి ఒకే వేగము. పంకా రెగ్యులేటరు తగిలించి మెల్లగా నడపింతునని ఎలక్ట్రీషియను చెప్పిన ఒప్పుకొనవలదు; మోటారు వేడెక్కి చెడును. నాలుగైదు నిమిషములు ఎడతెగక నడపినచో అవి తమంతట ఆగి, చల్లారినపిదపగాని కదలవు. అది జబ్బు కాదు.

అంగడిలో బల్లపై పెట్టి చూపు మోటారును విని మెచ్చవలదు. గోడకు బిగించి, మీ కిటికీయంత గుడ్డ వ్రేలాడుచున్నదానిని చూపుమనుడు. అరచేయి గోడపై నుంచి, ఎత్తించి, దింపించి, నడుమ ఆపించి చూడుడు. ఒక వేగమున గోడ జుమ్మనుచుండిన దానిని కొంచెము మార్చిన చాలును, ఒక్కొక్కప్పుడు పెంచినను చాలును. పెట్టెపై 35 డెసిబెళ్లని వ్రాసియున్న ఎంత దూరమునుండి కొలిచినదో అడుగుడు. రెండు వేగము లున్న దానినే కోరుడు. పగటికి వడిది, వేకువకు మెల్లనిది. కరెంటు పోయినప్పుడు సరఫరాపై నడచు తెర ఎచ్చటనున్న నచ్చటనే నిలిచిపోవును గనుక, పడకగదికి బ్యాటరీదే మేలు.