రాగి బిస్కెట్‌లో రాగి ఎంత?

అరకు చూసొచ్చే కుటుంబాల సంచుల్లో కాఫీ పొడితో పాటు ఈమధ్య రాగి బిస్కెట్లూ కనిపిస్తున్నాయి. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక ‘రాగి’ అన్న మాటకే గిరాకీ వచ్చింది. కొనేముందు ప్యాకెట్ వెనక చూడండి. ఏది ఎక్కువ బరువుంటే దాని పేరే ముందు రాయాలన్నది నిబంధన. మైదా, చక్కెర, పామాయిల్ తర్వాత రాగి ఉంటే అది మైదా బిస్కెట్టే.

తేడా చిన్నదేం కాదు. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మైదాలో 20 మాత్రమే. మన్యంలో వీటిని చోళ్లంటారు, చోడి అంబలి అక్కడ పాత తిండే. 2023 మార్చిలో రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రైవేటు బడికెళ్లే మన పిల్లల డబ్బాలోనేమో బిస్కెట్!

అరకు నుంచి తెచ్చేదేదో చోడి పిండే తెచ్చుకోండి. రాగిలో గ్లూటెన్ ఉండదు, ఒక్కదానితోనే చేస్తే బిళ్లలు విరిగిపోతాయి. సగం గోధుమ పిండి, బెల్లం తురుము, కాస్త నెయ్యి, పాలు వేసి పిల్లల చేతే కలిపించండి. వంకరటింకరగానైనా వాళ్లనే ఒత్తనివ్వండి. తాము చేసిన తిండిని పిల్లలు అంత తేలిగ్గా వద్దనరు. ఓవెన్ లేకపోతే మందపాటి గిన్నెలో స్టాండు మీద పళ్లెం ఉంచి, మూతపెట్టి, సన్న సెగ మీద కాల్చుకోవచ్చు. పొయ్యి దగ్గర పని మాత్రం పెద్దవాళ్లదే. బెల్లమూ చక్కెర లాంటిదే కాబట్టి రోజుకు రెండు బిళ్లలు దాటనివ్వకండి.