ఒకే బోటు.. రెండు ఆటలు!
కొనే ముందు నీళ్లను చూడాలి.. ఆ తర్వాతే ఇంజిన్‌ను

యానాం: తాడు కొస పట్టుకుని నీటిపై దూసుకుపోవడం ఒడ్డున నిల్చున్న వారికి ఒకే ఆటలా కనిపిస్తుంది. నిజానికి అవి రెండు. ఒకటి వాటర్ స్కీయింగ్, మరొకటి వేక్‌బోర్డింగ్. ఒకదానికి కావాల్సింది రెండోదానికి అడ్డం. రెండింటికీ సరిపోయేలా తయారైందే క్రాసోవర్ బోటు. పర్యాటకం కోసం యానాం వద్ద గౌతమి గోదావరిలోనో, ఒడిశాలోని రంభ వద్ద చిలికలోనో ఇలాంటిది దించాలంటే కరపత్రంలో హార్స్‌పవర్ చూసి ముచ్చటపడితే చాలదు. అక్కడి నీళ్లు ఎలాంటివి, వాటిని నమ్ముకుని ఎవరు బతుకుతున్నారన్నది ముందు తేలాలి.

తేడా ఎక్కడ?

1922లో అమెరికాలోని మిన్నెసోటాలో మొదలైన స్కీయింగ్‌కు వేగం ప్రాణం. స్లాలం పోటీల్లో పురుషులకు గరిష్ఠ వేగం గంటకు 58 కిలోమీటర్లు, మహిళలకు 55. ఆ వేగంలో బోటు వెనక లేచే అల గట్టిగా ఉంటే మనిషి ఎగిరి పడతాడు. అందుకే స్కీ బోటు అడుగు చదునుగా, ఇంజిన్ మధ్యలో ఉంటాయి. అల ఎంత చిన్నదైతే అంత మేలు.

వేక్‌బోర్డింగ్ దీనికి పూర్తిగా తిరగేసిన లెక్క. వేగం 30-38 కిలోమీటర్లు చాలు. అల మాత్రం ఎత్తుగా లేవాలి. దాని మీంచే గాల్లోకి ఎగరాలి మరి! ఇందుకోసం ఇంజిన్‌ను వెనక్కి జరిపి, ట్యాంకుల్లో నీళ్లు నింపి బోటును బరువెక్కిస్తారు. తాడును ఎత్తయిన టవర్‌కు కడతారు.

క్రాసోవర్‌లో ట్యాంకులు ఖాళీ చేస్తే స్కీయింగ్, నింపితే వేక్‌బోర్డింగ్. అయితే ఇది రాజీ బేరం. నేర్చుకునేవారికి, పర్యాటకులకు హాయిగా సరిపోతుంది. పోటీలకు సాధన చేసేవారికి ఎంతో కొంత వెలితి తప్పదు.

ఒక్కసారి తిప్పితే చాలదు

అమ్మేవారు చూపించే ఒక్క రౌండుతో సరిపెట్టుకుంటే మోసపోయినట్లే. రెండుసార్లు పరీక్షించాలి. మొదట ట్యాంకులు ఖాళీగా, డ్రైవరు, వెనక్కి చూసే మనిషి ఇద్దరితోనే నడపాలి. స్కీయర్ పక్కకు బలంగా లాగినప్పుడు బోటు దారి తప్పుతోందా? వేగం పడిపోతోందా? రెండోసారి ట్యాంకులు నింపి, సీట్లన్నీ నిండేలా జనాన్ని ఎక్కించి నడపాలి. నీళ్లలో ఉన్న మనిషిని పైకి లేపడానికి ఇంజిన్ రొప్పుతోందా? ముందు భాగం పైకి లేచి డ్రైవరుకు ఎదురు కనిపించకుండా పోతోందా? ఈ రెండోదే అసలు పరీక్ష.

బరువు లెక్క మరీ ముఖ్యం. ట్యాంకుల్లో 500 లీటర్ల నీళ్లు పోస్తే అర టన్ను. అంటే ఏడుగురు మనుషులు అదనంగా ఎక్కినట్లే. ట్యాంకులు నింపి, సీట్లూ నింపితే బోటు మోయగల పరిమితి ఇట్టే దాటిపోతుంది. 2017 నవంబరులో కృష్ణానదిపై పవిత్ర సంగమం వద్ద పర్యాటకుల పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. అది ఈ తరహా బోటు కాకపోవచ్చు. పరిమితి, లైఫ్‌జాకెట్ల పాఠం మాత్రం ఒక్కటే.

మన నీళ్లకు నప్పుతుందా?

సముద్రం పోటుకు గౌతమి పాయలోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. బయటి నీటినే నేరుగా ఇంజిన్‌లో తిప్పి చల్లబరిచే రకమైతే లోపల తుప్పు ఖాయం. ఉప్పునీటికి తట్టుకునే శీతలీకరణ ఉన్నదే తీసుకోవాలి. చిలికది మరో సమస్య. వేసవిలో చాలాచోట్ల మనిషి మునిగేంత లోతు కూడా ఉండదు. ఈ బోట్లకు ప్రొపెల్లర్, రెక్కలు అడుగునే వేలాడుతుంటాయి. ఇసుక మేట తగిలితే అంతే సంగతులు. పైగా అది ఇర్రవాడి డాల్ఫిన్లు తిరిగే సరస్సు. 1981 నుంచి రామ్‌సర్ జాబితాలో ఉంది.

58 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16 మీటర్లు. వంద మీటర్ల దూరంలో వల వేస్తున్న నావను చేరడానికి ఆరు సెకన్లు చాలు. వేక్‌బోర్డింగ్ అల మరీ మొండిది. చిన్న నావను తలకిందులు చేయగలదు, మట్టి గట్టును కోసేయగలదు. యానాంలోనే కాదు, చిలికలోనూ వేటే ఆధారంగా బతికే తెలుగు నోలియాలు ఉన్నారు. వాళ్లు వలలు వేసే చోటు, వేళ అడగకుండా ఆట స్థలం గీస్తే తగాదా రాక మానదు.

బాధ్యత ఎవరిది?

1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత నౌకల చట్టం ప్రకారం ఒకచోట చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది. సరిహద్దు ప్రాంతాలకు ఇది పెద్ద వెసులుబాటే. యానాం రేవులో బయల్దేరిన బోటు కాసేపటికే ఆంధ్ర వైపు నీళ్లలో ఉంటుంది. కాగితం రెండు వైపులా చెల్లుతుంది, బాగానే ఉంది. నడి ఏట్లో ప్రమాదం జరిగితే ముందు ఎవరు పరుగెత్తాలి? ఈ సంగతి పుదుచ్చేరి, ఆంధ్ర అధికారులు ముందే కూర్చుని రాసుకోవాలి.

లోతు, ఉప్పు, బరువు, వేటగాళ్ల సమ్మతి.. ఈ నాలుగూ కుదిరితే క్రాసోవర్ మంచి బేరమే. ఏ ఒక్కటి కుదరకున్నా బోటును ఒడ్డునే ఉంచడం మేలు.