బర్రె మూత్రం చూస్తాం, మనది చూసుకోం

ఈనిన బర్రె కాఫీ రంగు మూత్రం పోస్తే ఒక్క పూట ఆగం, పశువుల డాక్టర్‌కు ఫోన్ కొడతాం. అదే జ్వరంలో మన మూత్రం నల్లగ వస్తే "వేడి చేసింది" అని మజ్జిగ తాగి పడుకుంటాం.

ఫ్లూ, డెంగ్యూ, చికున్‌గున్యా, కరోనా... ఏ వైరస్ జ్వరమైనా ఒళ్లు నొప్పులు మామూలే. 2006లో చికున్‌గున్యాకు ఊర్లకు ఊర్లు మంచం పట్టినయి, ఆ కీళ్ల నొప్పులు ఎవరం మర్చిపోలేదు. కానీ అరుదుగా కొందరికి కండలే చితికిపోతయి. డాక్టర్లు దీన్ని రాబ్డోమయోలైసిస్ అంటరు. కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తది. మూత్రం డికాషన్ రంగుకు మారేది అందుకే. కండలోని పొటాషియం కూడా రక్తంలోకి వస్తది, అది మితిమీరితే గుండెకే ప్రమాదం. 1940-41లో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు శిథిలాల కింద కాళ్లు నలిగినోళ్లు ప్రాణాలతో బయటపడి కూడా, కొన్ని రోజులకు కిడ్నీలు ఆగి చనిపోయిండ్రు. ఇదీ ఆ జాతి జబ్బే.

నా బాధంతా మన పద్ధతి మీద. నాట్ల టైంలో జ్వరమున్నా ఆగం. పొద్దున నొప్పుల సూది, మధ్యాహ్నం మడిలో. డైక్లోఫెనాక్ లాంటి నొప్పుల మందులు కిడ్నీలకు భారం, డెంగ్యూ అయితే రక్తం కారే ప్రమాదం కూడా పెంచుతయి. పైగా ఒంట్లో నీళ్లు తగ్గి, ఎండలో బరువు పని. ఆర్‌ఎంపీని నేను తిట్టను, అర్ధరాత్రి పలికేది ఆయనే. సూది కావాలని పట్టుబట్టేది మనం.

తొడలు, పిక్కలు ముట్టుకోనియ్యనంత నొప్పి, కూర్చుంటే లేవలేకపోవడం, మూత్రం నల్లబడడం, తగ్గడం... వీటిలో ఏది కనపడ్డా ఊర్లో సెలైన్‌తో సరిపెట్టుకోవద్దు. వాడపల్లి నుంచి మిర్యాలగూడ ఎంత దూరమని? సీపీకే, క్రియాటినిన్ పరీక్షలు చేయమని అడగండి. సీపీకే మామూలుగా రెండు వందల దాకా ఉంటది, ఈ జబ్బులో వేలల్లోకి పోతది. తొందరగా పట్టుకుంటే లెక్క ప్రకారం ఎక్కించే సెలైన్‌తోనే చాలామంది కోలుకుంటరు. ఆలస్యమైతే డయాలసిస్ దాకా పోవచ్చు. పిల్లలకు ఫ్లూ తగ్గేటప్పుడు పిక్కలు నొచ్చి మునికాళ్ల మీద నడుస్తరు, అది ఎక్కువగా వారంలో దానంతటదే పోతది. అయినా మూత్రం రంగు చూడండి.

ఇంకో మాట. మన మడిలో నాటేసే ఆడోళ్లు కైకిలి పోతదని జ్వరం దాచుకొని వస్తరు. అట్లాంటోళ్లకు ఆ రోజు కూలి ఇచ్చి ఇంటికి పంపుదాం. నేనైతే ఈ నాట్లకు అట్లనే చేస్తున్న. మీరేమంటరో కింద రాయండి.