చిలక్కొయ్యా, పింగాణీ గోడా

మా నాన్నగారిది గోడకు తగిలించే టేకు బీరువా ఒకటి ఉంది. ఆయన అందులో మందుసీసాలు పెట్టుకునేవారు. రామచంద్రపురంలో మేం కట్టుకున్న కొత్త ఇంట్లో అది స్నానాలగదిలో ఉంటే బాగుంటుందని మా ఆవిడ అభిప్రాయం. ఖాళీగా తూస్తే 22 కిలోలు. నూనెసీసాలూ సబ్బులూ చేరితే 30 దాటడం ఖాయం. సరిగ్గా ఆవిడ చూపించిన గోడ కిందే మా అమ్మ పీట వేసుకుని స్నానం చేస్తుంది. అమ్మకు ఎనభై నాలుగేళ్ళు.

అందుచేత ఈ వారం పద్యాలు మానేసి మేకుల సంగతి రాస్తున్నాను. పాఠకులు మన్నించాలి.

పాత ఇళ్ళలో ఈ బెడద లేదు. గోడ కట్టేటప్పుడే చిలక్కొయ్యను ఇటుకల మధ్య ఇరికించేసేవారు. బరువైన సామానుకు గోడలోనే గూళ్ళు వదిలేవారు. ఇప్పుడో! ఇల్లంతా పూర్తయి, నున్నటి టైల్సు అతికించాక గాని మనకు బీరువా గుర్తుకు రాదు.

మొదట వచ్చిన కుర్రాడు డ్రిల్లు మిషన్ను సుత్తిదెబ్బ మీద పెట్టి నేరుగా ఆనించాడు. టైలు మూలనుంచి మూలకు పగిలింది. "మీ టైల్సు మంచివి కాదండి" అన్నాడు. గుజరాత్‌లోని మోర్బీనుంచి లారీలో చెక్కుచెదరకుండా వచ్చిన టైలుది తప్పట!

తరవాత పిలిచిన తాపీమేస్త్రి పెద్దవాడు. మిషను సంచిలోనే ఉంచి, జేబులోంచి రూపాయిబిళ్ళ తీసి గోడంతా తట్టుకుంటూ వెళ్ళాడు. కొన్నిచోట్ల గట్టిగా పలికింది, కొన్నిచోట్ల డొల్లగా మోగింది.

"ఆయ్, ఇక్కడ వెనకాల సిమెంటు ముద్దలు ముద్దలుగా పెట్టేశారండి మేష్టారూ. నిండా పూయలేదు. ఇక్కడ వద్దండి" అన్నాడు. కుళాయికి నిలువుగా పైనా కిందా కూడా వద్దన్నాడు. గోడలో గొట్టాలు అటే నడుస్తాయిట. అన్నీ పోగా మంచిచోటు పీటకు మూరెడు అవతల దొరికింది.

బిట్టు జారిపోకుండా టైలు మీద కాగితం పట్టీ అంటించాడు. అంచులకు దూరంగా, సుత్తిదెబ్బ లేకుండా, నీళ్ళచుక్కలు వేస్తూ నెమ్మదిగా తొలిచాడు. ముందు తెల్లపొడి రాలింది. తరవాత బూడిదరంగు సిమెంటు. చివరికి ఎర్రటి ఇటుకపొడి.

"ఇప్పుడు దొరికిందండి గోడ!" అన్నాడు.

ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు, ఆ ఎనిమిది మిల్లీమీటర్ల పలక గోడ కాదని అంతవరకూ తట్టలేదు. అతను బిగించే ప్లగ్గును టైలు దాటించి, పూర్తిగా ఇటుకలోకి దించాడు. స్క్రూ బిగించేకొద్దీ ప్లగ్గు ఉబ్బుతుంది. ఆ ఉబ్బడమేదో టైలులోనే జరిగితే టైలు పగులుతుంది. మన చేతికి తగలదు గాని కిటుకంతా అక్కడే ఉంది.

ఈ ప్లగ్గుకూ ఒక కథ ఉంది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో గోడలు పాడుకాకుండా విద్యుత్ సామాను బిగించవలసివచ్చి, జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే ఆయన 1911లో జనపనారతో దీన్ని తయారుచేశాడు. రాల్ ప్లగ్గు అన్న పేరు ఆయనదే. నైలాన్ది 1958లో జర్మనీలో ఆర్టూర్ ఫిషర్ చేశాడు. అంతకుముందు గోడ పగలగొట్టి చెక్కముక్క దిగ్గొట్టడమే. ఇంత కొబ్బరిపీచు మధ్య బతుకుతూ మన కోనసీమవాళ్ళకు ఈ ఆలోచన ఎందుకు రాలేదో!

బీరువాను నేరుగా బిగించలేదు. టేకుపట్టీ ఒకటి ఏటవాలుగా కోసి, రసమట్టం పెట్టి, తుప్పుపట్టని స్టీలు స్క్రూలు ఆరింటితో గోడకు బిగించాడు. దానికి జత పట్టీ బీరువా వీపున. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. బరువు ఆరు స్క్రూలూ పంచుకుంటాయి. బరువు సామాను కింది అరలో, గోడవైపుకు పెట్టమన్నాడు. ముందుకు జరిగేకొద్దీ పైస్క్రూలను బయటికి లాగుతుందిట.

నాకు ధైర్యం చాలలేదు. ఆ రాత్రి పట్టీకి రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు వేలాడదీసి పడుకున్నాను. మూడుసార్లు లేచి చూశాను. "బియ్యానికి కాపలానా?" అంది మా ఆవిడ.

తెల్లవారేసరికి బస్తాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. బీరువా ఎక్కించి, అమ్మను పిలిచి చూపించాను.

"బాగానే ఉందిరా నాన్నా" అంది. అని, పీటను ఇంకో మూరెడు ఇవతలికి జరుపుకుంది.