ఓడ మునిగితే యంత్రం ఓడినట్టా?

కొత్త యంత్రం పెట్టిన ఓడ మునిగిపోయిందనుకోండి. "ఆ యంత్రమే చెడ్డది" అనేయడం తేలిక. ఆ తీర్పు సరైనదేనా? బ్రిటిష్ యుద్ధనౌక 'వైపర్' సంగతి విని మీరే చెప్పండి.

పెద్ద యుద్ధనౌకల మీదికి దూసుకొచ్చి టార్పెడోలు వదిలే చిన్న పడవలు ఒకప్పుడు ఉండేవి. వాటిని తరిమికొట్టడానికి పుట్టినవే డిస్ట్రాయర్లు. పారిపోయేవాడికంటే తరిమేవాడు వేగంగా పోవాలి గదా! కాని ఆనాటి డిస్ట్రాయర్ల వేగం 30 నాట్లు, అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్లు. వాటి ఇంజన్లలో బరువైన పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటూ ఓడనంతా వణికించేవి.

చార్లెస్ పార్సన్స్ వేరే దారి తొక్కాడు. ఆవిరిని రేకులకు తగిలించి ఇరుసును నేరుగా గిరగిర తిప్పే టర్బైన్‌ను తయారుచేశాడు. దానితో నడిచే 'టర్బీనియా' అనే చిన్న పడవను 1897లో నౌకాదళమంతా చూస్తుండగా పరుగెత్తించాడు. తర్వాత 1899లో జలప్రవేశం చేసిన వైపర్, టర్బైన్లతో నడిచిన మొదటి యుద్ధనౌక. దానికి నాలుగు ఇరుసులు, ఎనిమిది ప్రొపెల్లర్లు. పరీక్షల్లో అది 36 నాట్లు దాటింది!

అయితే 1901 ఆగస్టు 3న, నౌకా విన్యాసాల సమయంలో, దట్టమైన పొగమంచులో వైపర్ ఆల్డర్నీ దీవి దగ్గర రాళ్లకు కొట్టుకొని పగిలిపోయింది. సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు. నెలన్నర తిరిగేసరికి, సెప్టెంబరు 18న, మరో టర్బైన్ డిస్ట్రాయర్ 'కోబ్రా' ఉత్తర సముద్రంలో రెండు ముక్కలైంది. 67 మంది చనిపోయారు.

రెండూ పాముల పేర్లే. అందుకే అచ్చిరాలేదన్నారు కొందరు. టర్బైన్లనే శంకించారు మరికొందరు.

కారణాలు విడదీసి చూడండి. వైపర్‌ను ముంచినవి పొగమంచు, రాళ్లు. కోబ్రా నిర్మాణమే తక్కిన డిస్ట్రాయర్ల కంటే బలహీనమైనదని నౌకాదళ విచారణలో తేలింది. నేరమంతా టర్బైన్ మీదికి నెట్టి ఊరుకుంటే ఏమయ్యేది? పిస్టన్ ఇంజన్లు పెట్టి, అలాంటి బలహీనమైన ఓడలనే మళ్లీ సముద్రం మీదికి పంపేవారు! పోయిన ప్రాణాలపట్ల నిజమైన గౌరవం అసలు కారణాన్ని వెతకడమే అని నా అభిప్రాయం.

టర్బైన్‌లో లోపమే లేదా? ఉంది. నెమ్మదిగా పోయేటప్పుడు అది బొగ్గును విపరీతంగా తినేది. ఈ లోపాన్ని పట్టి ఇచ్చింది ప్రమాదం కాదు, కొలత. అందుకే తర్వాతి డిస్ట్రాయర్ 'వెలాక్స్'లో, నెమ్మది ప్రయాణానికి చిన్న పిస్టన్ ఇంజన్లు కూడా అమర్చి చూశారు. 1906 నాటికి 'డ్రెడ్‌నాట్' అనే మహా యుద్ధనౌకకే టర్బైన్లు పెట్టారు. మన కొత్తగూడెం, విజయవాడ థర్మల్ కేంద్రాలలో కరెంటు పుట్టించేవీ ఆవిరి టర్బైన్లే.

రేపు మీ ప్రయోగశాలలో బల్బు వెలగకపోతే, పాఠం తప్పని అనకండి. ముందు తీగ చూడండి, బ్యాటరీ చూడండి, తర్వాత బల్బు చూడండి. ఒక్కొక్కటే.