రివాల్వరు విడిచి పిస్తోలు పట్టువారికి

కరీంనగరము, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల మొదలగు మన పట్టణములలో లైసెన్సుగల ఆయుధధారుల నడుమ నొక ప్రశ్న తఱచుగా వినవచ్చుచున్నది. ఇరువది ముప్పది యేండ్లుగా రివాల్వరును నమ్ముకొనియున్నవారు దానిని విడిచి పిస్తోలును పుచ్చుకొనవలయునా, వలదా యనునదే ఆ ప్రశ్న. ఇది కొందఱి సొంతవిషయమే కదా, పత్రికలో చర్చింప నేల యని పాఠకులు తలపవచ్చును. కాని ఒకని నడుమున నున్న ఆయుధము వాని యింటివారికిని, ఇరుగుపొరుగువారికిని, పెండ్లిపందిటిలో వాని ప్రక్కన కూర్చున్నవారికిని సంబంధించినదే. కావున మా యభిప్రాయమును దాపఱికము లేక చెప్పదలచితిమి.

గత వర్షాకాలమున మా యింటి వసారాలో జరిగిన యొక సంగతితో నారంభింతుము. గోదావరి యొడ్డున గల యొక గ్రామమునుండి వృద్ధుడగు కక్షిదారు డొకడు తన లైసెన్సు కాగితములను మాకు చూపుటకై వచ్చెను. యౌవనమునుండి రివాల్వరు వాడినవాడు, మంచి గుఱికాడు. కొత్తగా .32 పిస్తోలు కొనియుండెను. వెంట పదేండ్ల మనుమడు. ఆయన పిస్తోలు పిడినుండి తూటాల మాగజీను తీసి చాపపై పెట్టి, “ఇగో చూడుండ్రి వకీలు సాబ్, ఖాళీగున్నది” అని దానిని మా చేతి కందియ్యబోయెను. అప్పుడు మా యొద్ద కూర్చున్న విశ్రాంత పోలీసు ఉద్యోగి యొకడు చేయి చాచి, “పటేలా, జర ఇటియ్యుండ్రి” అనెను. గొట్టమును గోడవైపు త్రిప్పి పైనున్న స్లైడును వెనుకకు లాగగా, లోపలి తూటా యొకటి యెగిరివచ్చి చాపమీద బొంగరమువలె తిరిగెను. ఆ పిల్లవాడు దానిని ముద్దుగా ఏరి తాతగారి చేతిలో పెట్టెను. కొంతసేపు మాలో నెవ్వరికిని మాట రాలేదు.

ఆ పెద్దమనిషి అజాగ్రత్తపరుడు కాడు. ముప్పదియేండ్లలో ఆయన రివాల్వరువలన ఎవ్వరికిని గీటైనను పడలేదు. ఆయనను మోసపుచ్చినది ఆయన అలవాటే. రివాల్వరు చక్రమును ప్రక్కకు త్రిప్పినంతనే ఆఱు గదులును కన్నుల యెదుట నిలుచును. నిండినది నిండినట్లు, వట్టిది వట్టిదైనట్లు తెలియును. పిస్తోలులో తూటాలు పిడిలోని మాగజీనులో ఒకదానిపై నొకటి పేర్చబడియుండును. స్లైడును లాగి విడిచినప్పుడు పైతూటా గొట్టము మొదటగల గదిలోనికి పోవును. అటుపిమ్మట మాగజీను తీసివేసినను ఆ గదిలోని తూటా అచ్చటనే యుండును. కొన్ని పిస్తోళ్లు మాగజీను లేనప్పుడు ప్రేలకుండ నిర్మింపబడినవి. అనేకము లట్టివి కావు. కావున పిస్తోలు విషయమున “ఖాళీ” యను మాటకు అర్థము వేఱు: మొదట మాగజీను తీయవలయును, పిదప స్లైడు లాగవలయును, ఆపైన గదిలోనికి కంటితో చూచి, చీకటియైనచో వ్రేలితో తడవి తెలిసికొనవలయును. ఈ వరుస తారుమారైనను ప్రమాదమే: మాగజీను ఉండగనే స్లైడు లాగి, పిదప మాగజీను తీసినవాడు లోపలి తూటాను తీసివేసి దాని స్థానమున మఱొకదానిని తానే నిలిపినవా డగును.

ఈ రెండు యంత్రముల పుట్టుపూర్వోత్తరములు వేఱువేఱు. రివాల్వరునకు అమెరికాలో సామ్యూల్ కోల్ట్ 1836లో పేటెంటు పొందెను. ఒక ప్రేలుడు బలముతోనే వట్టి తూటాగొట్టమును వెలికి నెట్టి, కొత్త తూటాను గదికెక్కించు పిస్తోళ్లు 1890ల నాటివి. మన దుకాణములలో సామాన్య పౌరునకు దొరకు .32 రివాల్వరు తూటా 1896 నాటిది; .32 పిస్తోలు తూటా 1899లో జాన్ బ్రౌనింగు కల్పించిన పిస్తోలుతో వచ్చినది. రెండింటి పేరును ముప్పదిరెండే యైనను ఒకటి రెండవదానికి పనికిరాదు. రివాల్వరు తూటా పొడవైనది, దాని గుండు బరువైనది. పిస్తోలు తూటా పొట్టిది, దాని గుండు తేలికయు వేగముగలదియు. ఇంట పాత తూటాల పెట్టె నుంచుకొని కొత్త ఆయుధము కొనువారు ఈ భేదమును మొదటనే యెఱుగవలయును.

“పోలీసువారు రివాల్వరును మానినారు గదా, మనమేల మానరాదు?” అని కొందఱు వాదింతురు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట చాలకాలము మన పోలీసు అధికారుల నడుమున .38 రివాల్వరే వ్రేలాడుచుండెడిది. పిదప 9 మిల్లీమీటర్ల పిస్తోలు వచ్చెను. 1935 నాటి బ్రౌనింగు నమూనా ననుసరించి బెంగాలులోని ఇషాపూరు రైఫిల్ కర్మాగారమున తయారైన ఆ పిస్తోలు మాగజీనులో 13 తూటాలు పట్టును. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగ ప్రకటింపబడినది మొదలు ఈ జిల్లాలలో పనిచేసిన పోలీసు ఉద్యోగికి ఆఱు తూటాలు చాలునా యను ప్రశ్న ప్రాణప్రశ్నయే. అమెరికాలోను ఇట్లే జరిగినది. 1986 ఏప్రిల్ 11న మయామీ నగరమున ఎనమండుగురు ఎఫ్.బి.ఐ. ఉద్యోగులు ఇద్దఱు బందిపోట్లను పట్టబోయి తమలో ఇద్దఱిని కోల్పోయిరి. చేతికి దెబ్బ తగిలిన యొక ఉద్యోగి తన రివాల్వరును మరల నింపుకొనజాలకపోయెను. ఆ పిమ్మట ఆ దేశపు పోలీసు శాఖలు వేగముగ పిస్తోలువైపు మరలినవి.

ఈ వాదములో నిజము కలదు. కాని అది ఎవరి నిజము? ప్రమాదమును వెదకికొని పోవలసిన ఉద్యోగిది. అతనికి ప్రభుత్వము తూటా లిచ్చును, గుఱి నేర్పు గురువు నిచ్చును, కాల్చుటకు మైదాన మిచ్చును. మన పట్టణపు వ్యాపారికి, వకీలునకు, పల్లె పటేలునకు ఈ మూటిలో నేది కలదు? ఆయన యేటికి పది తూటాలు కాల్చిన గొప్ప. పైగా 9 మిల్లీమీటర్ల తూటా ప్రభుత్వసేవకు సంబంధించినది గనుక ఆ పిస్తోలు సామాన్య లైసెన్సుదారునకు నిషిద్ధము. ఆయనకు సామాన్యముగ దొరకునది .32. పోలీసువారిని చూచి పిస్తోలు కొనువాడు పోలీసువారి పిస్తోలును పొందడు, వారి శిక్షణను అంతకన్న పొందడు. ఆకారము మాత్రమే దక్కును.

చేతి యలవాట్లు ఒక్కనాట మాఱునవి కావు. రివాల్వరు తూటా ప్రేలకపోయినచో మీటను మరల నొక్కిన చాలును. చక్రము తిరిగి వేఱొక తూటా వచ్చును. పిస్తోలులో తూటా ప్రేలకున్నను, వట్టి గొట్టము స్లైడులో చిక్కుకొన్నను, రెండవ చేతితో స్లైడును లాగి దానిని తొలగింపవలయును. రివాల్వరు పట్టినవారిలో కొందఱు ఎడమచేతి బొటనవ్రేలిని సుత్తివెనుకకు చేర్చి పట్టుదురు. పిస్తోలును అట్లు పట్టినచో వెనుకకు దూసికొనివచ్చు స్లైడు ఆ వ్రేలిని చీల్చును. మణికట్టు మెత్తగ పట్టినను రివాల్వరు పనిచేయును. పిస్తోలు అడుగడుగునకు చిక్కుకొనును. సుత్తి లేవకయున్న రివాల్వరు మీట దీర్ఘముగ, బరువుగ కదలును. పెక్కు పిస్తోళ్లలో మొదటి తూటా పిమ్మట మీట మిక్కిలి తేలిక యగును. బరువుమీటకు అలవాటుపడిన వ్రేలు తేలికమీటపై తొందరపడును. తొందరపడిన వ్రేలినుండి వెడలినదానిని మరల పిలువజాలము.

వాతావరణమును తలపకతప్పదు. శ్రావణభాద్రపదములలో గోదావరి తీరమునను, ఆదిలాబాదు అడవి పల్లెలలోను బీరువాలోని కాగితమే మెత్తబడును. తోలుసంచిలో నెలల తరబడి నుంచిన ఆయుధమునకు తుప్పు పట్టుట నిశ్చయము, తోలు తేమను పట్టియుంచును గనుక. మందమఱ్ఱి, బెల్లంపల్లి, గోదావరిఖని బొగ్గుప్రాంతములలో దుమ్ము నూనెతో కలిసి జిగురగును. రివాల్వరును తుడువక యుంచిన తప్పు కొంతకాలము మన్నింపబడును. పిస్తోలు స్లైడు, మాగజీను స్ప్రింగు అట్టి తప్పును త్వరలోనే బయటపెట్టును. నెలకొకమాఱు విప్పి తుడుచు ఓపిక లేనివాడు పిస్తోలు జోలికి పోకుండుటయే మేలు.

ఇక చట్టము. 1878 నాటి పరాయిప్రభుత్వపు ఆయుధచట్టము మన జాతిని నిరాయుధము చేసినదని మన పెద్దలు పోరాడిరి. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రకటించిన పౌరహక్కులలో నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కు నొకటిగ చేర్చిరి. స్వతంత్ర భారత రాజ్యాంగమున అది హక్కుగ నిలువలేదు. 1959 నాటి ఆయుధచట్టము దానిని అనుమతిగ మాత్రమే నిలిపినది. 2019 సవరణ ఒకరికి మూడు ఆయుధములకు బదులు రెండింటిని మాత్రమే అనుమతించి, సంబరపు కాల్పులవలన ఇతరులకు అపాయము కలిగించువానికి రెండేండ్లవఱకు ఖైదో, లక్షరూపాయలవఱకు జుర్మానాయో, రెండునో విధించినది. లైసెన్సులో వ్రాసిన ఆయుధము తప్ప వేఱొకటి యుంచుకొనరాదు. మార్పునకు ముందే అధికారి యనుమతి కావలయును. నిర్లక్ష్యమువలన ప్రాణము పోయినచో భారతీయ న్యాయసంహిత 106వ నిబంధన ఎదురుచూచుచున్నది. “ఖాళీ యనుకొంటిని” అనుమాటతో నింద తప్పించుకొనవచ్చునని యెవ్వరును తలపరాదు.

2016 ఆయుధ నియమములు లైసెన్సు కోరువారికి భద్రతాశిక్షణను విధించినవి. ఇది మెచ్చదగినది. కాని అంతకు చాలముందే లైసెన్సు పొందిన వృద్ధులు రివాల్వరుతో నేర్చినదానినే నేటికిని నమ్ముకొనియున్నారు. వారు పిస్తోలునకు మారునప్పుడు కొత్తవిద్యార్థులవలెనే నేర్వవలయును. లైసెన్సు నిచ్చిన అధికారులు ఆయుధము మార్చుకొను దరఖాస్తు వచ్చినప్పుడు ఆ ఆయుధమునకు తగిన శిక్షణ పొందితివా యని యడుగుటయు, జిల్లా పోలీసు మైదానమున ఏడాదికి కొన్ని దినములైనను లైసెన్సుదారులకు రుసుముపై అభ్యాసమునకు అవకాశ మిచ్చుటయు యుక్తము. ఎన్నికల వేళ ఠాణాలో అప్పగించిన ఆయుధములను మరల పుచ్చుకొనునప్పుడు ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఇద్దఱును గదిని కంటితో చూచుట ఆచారము కావలయును.

ఈ జిల్లాల నేలకు తుపాకి కొత్తది కాదు. 1940లో జోడేఘాటున కొమురం భీము నిజాము పోలీసుల గుండ్లకు నేలకొరిగెను. 1948 మార్చి 14న మహమ్మదాపురమున అనభేరి ప్రభాకరరావు తన సహచరులతో కూడ ప్రాణములు విడిచెను. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గిరిజనులపై కాల్పులు జరిగెను. తుపాకి గుండు ఇండ్లలో మిగిల్చు దుఃఖమును ఇంతగ నెఱిగిన ప్రజ, తన చావడిలోనే, తన మనుమని యెదుటనే, అజ్ఞానమువలన మఱొక దుఃఖమును తెచ్చుకొనరాదు.

కావున మా మాట యిది. చేతి బలము తగ్గి రివాల్వరు బరువుమీట నొక్కలేనివారును, ఆయుధము వలన నిజమైన రక్షణ యవసరము గలవారును, నెలనెల అభ్యసించి తుడుచుకొను ఓపికగలవారును పిస్తోలు కొనవచ్చును. కొన్న పిమ్మట పాత రివాల్వరును అమ్మివేయుటయో, అప్పగించుటయో మంచిది. రెండు ఆయుధముల రెండలవాట్లు ఒక్క చేతిలో కలిసియున్నచో తొందరలో ఏది పైకి వచ్చునో చెప్పజాలము. కొత్తదానిని గదిలో తూటా లేకుండ, పిల్లల చేతికందని తాళపు పెట్టెలో నుంచవలయును. తక్కిన వారందఱకును తమ పాత రివాల్వరే చాలును. దానిని కట్టుకొన్నందులకు సిగ్గుపడ నక్కఱలేదు.

ఆ వసారాలోని పెద్దమనిషి మరునాడే పిస్తోలును దుకాణదారున కప్పగించుటకై అనుమతికి దరఖాస్తు పెట్టెను. ఆయన ఓడిపోయినాడని మేమనము. తన చేతిని తా నెఱిగినవాడనియే యందుము. మన లైసెన్సుదారులలో ప్రతివాడును నేటి రాత్రియే తన ఆయుధమును దీపపు వెలుతురులో ఒకమాఱు విప్పి చూచుకొనునుగాక!