నూతిలో కేక... కంప్యూటర్లో ఎకో!

బాపులపాడు మామిడితోటలో నిలబడి ఎంత గట్టిగా కేకేసినా ఆ కేక ఆకుల్లో ఇంకిపోతుంది. అదే మనిషి పక్కనున్న నూతిలోకి వంగి 'ఓయ్‌' అంటే? గొంతు గంభీరంగా తిరిగొస్తుంది. మారింది గొంతు కాదు... దాని చుట్టూ ఉన్న చోటు! సౌండ్‌ ఎడిటింగ్‌ సాఫ్ట్‌వేర్లలోని ఎకో, రివర్బ్‌ల రహస్యం ఇదే.

ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. 17 మీటర్ల దూరంలో గోడ ఉంటే తగిలి తిరిగి రావడానికి సెకనులో పదోవంతు పడుతుంది. అప్పుడు అది విడిగా మరో కేకలా వినిపిస్తుంది. అది ఎకో. దగ్గరి గోడలకు తగిలిన ఎన్నో ప్రతిధ్వనులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే... రివర్బ్‌. నూతిలో గొంతుకు వచ్చే నిండుదనం అదే. 1947లో అమెరికా ఇంజినీరు బిల్‌ పుట్నమ్‌ దీనికోసం స్నానాలగదిలో స్పీకరూ మైకూ పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు మౌస్‌ నొక్కితే చాలు!

శ్రుతి తప్పిన గొంతును దారిలో పెట్టే 'ఆటో ట్యూన్‌' కథ మరీ చిత్రం. 1997లో దాన్ని తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్‌ అంతకుముందు చేసిన పని... భూమిలోకి ధ్వని తరంగాలు పంపి చమురు జాడ కనిపెట్టే లెక్కలు.

అటక మీది గొంతు

ఇవన్నీ సినిమావాళ్లకేగా అంటారా? చాలా ఇళ్లలో అటక మీద ఓ పాత క్యాసెట్‌ ఉంటుంది. అందులో అమ్మమ్మ పాడిన మంగళహారతో, తాతయ్య చదివిన పద్యమో! మనిషి లేరు, గొంతు మిగిలింది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాక మొదట చేయాల్సింది ఓ నకలు తీసుకుని, అసలును ముట్టుకోకుండా దాచడం. 2000లో వచ్చిన 'ఆడాసిటీ' లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ ఈ పనికి సరిపోతుంది.

* 'స్‌స్‌'మనే టేపు రొద పోవాలంటే నాయిస్‌ రిడక్షన్‌. మాటల్లేని చోట ఒకట్రెండు సెకన్లు ఎంచుకుని రొద ఎలా ఉంటుందో చూపిస్తే సాఫ్ట్‌వేర్‌ దాన్ని మొత్తంలోంచి తగ్గిస్తుంది. ఆరు డెసిబెల్స్‌తో మొదలుపెట్టడం మేలు. అతిగా తీస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది.
* 'గుయ్‌'మనే హోరు కరెంటుది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ కాబట్టి ఈక్వలైజర్లో 50, 100 దగ్గర తగ్గిస్తే సరి.
* మొత్తం శబ్దం తక్కువగా ఉంటే నార్మలైజ్‌. ఓచోట గొణుగుడు, ఓచోట అరుపు అయితే కంప్రెసర్‌.
* రికార్డింగప్పుడే శబ్దం ఎక్కువై చిట్లిపోయిన మాటను మాత్రం ఏ ఎఫెక్టూ పూర్తిగా అతకలేదు.

ఇక రివర్బ్‌ ఎందుకులెండి! గడ్డిలో మాగేసిన నూజివీడు రసానికీ, కార్బైడ్‌ పెట్టి రంగు తెచ్చిన కాయకీ తేడా నాలుకకు తెలుస్తుంది. చెవికీ అంతే. పాట మధ్యలో అమ్మమ్మ దగ్గు, వెనక వంటింట్లో గిన్నెల చప్పుడు... అవి రొద కాదు. ఆ రోజు ఆ ఇంట్లో అందరూ ఉన్నారనడానికి గుర్తు. వాటిని ఉండనివ్వండి!